ధ్వజశిరోభూషణముల సేకరణము: రక్షణమా? భక్షణమా?

ప్రాచీనవస్తువులను సేకరించి యింట నలంకరించుకొను వేడుక మనవారిలో నానాటికి ప్రబలుచున్నది. నాణెములతో నారంభమైన యీ వేడుక తాళపత్రములను, కత్తులను, దీపపుసెమ్మెలను దాటి, నేడు సైనికధ్వజముల తలల వఱకు వచ్చినది. జెండాకఱ్ఱ కొనయం దమర్చెడి యిత్తడి, కంచు, వెండి భూషణమునే నేనిచట ధ్వజశిరమనుచున్నాను. అది యీటెమొన కావచ్చును, గ్రద్ద కావచ్చును, సింహము కావచ్చును, చాచిన హస్తము కావచ్చును. జెండాగుడ్డ చినుగును, కఱ్ఱ పుచ్చును, తల మాత్రము మిగులును. అట్లు మిగిలినదానిని కొన్నవాడు తన్ను చరిత్రరక్షకునిగా చెప్పుకొనుచున్నాడు. ఆ మాట యెంతవఱకు నిజమో విచారింపవలసియున్నది. నేటి సేకరణములలో పెక్కులు చరిత్రను రక్షించుట లేదనియు, భక్షించుచున్నవనియు నా నిశ్చితాభిప్రాయము. కారణములు చెప్పెదను. ఒప్పుకొననివారు ఖండింపవచ్చును.

ఇటీవల నొక మిత్రుని యింటికి పోయితిని. ఆయన చదువుకొన్నవాడు, సంస్కారప్రియుడు, కొమార్తెలను కొడుకులతో సమముగ చదివించినవాడు. ఆయన కూర్చుండు గదిలో అద్దపుబీరువా యొకటి గలదు. అందు నల్లని మఖమలుగుడ్డపై పదునేడు ధ్వజశిరములు వరుసదీర్చియున్నవి. వానిలో నొకటి చాచిన చేయి. అయిదు వ్రేళ్లు, అరచేతిపై చెక్కిన యక్షరములు. అది బంగారమువలె మెఱయుచుండెను. “ఇంటివారు ప్రతిశుక్రవారము చింతపండుతో తోముదురు” అని యాయన గర్వముతో చెప్పెను. తోముటవలన నక్షరములు సగము అరిగిపోయినవి. ఇది యెక్కడిదని యడిగితిని. పాతసామానుల వ్యాపారి యొద్ద తూకమునకు కొంటిననెను. ఏ యూరిదని యడిగితిని. “ఊరితో నేమి పని? పనితనము చూడుడు” అనెను. ఆ హస్తము క్రింది గొట్టములో ఆకుపచ్చని గుడ్డపేలిక కొస యొకటి యిఱుకుకొని యుండెను. తోమిన చేతికి అందలేదు కాబోలు. ఆ బీరువాలో చరిత్ర యన్నది యేమైన మిగిలియున్నచో ఆ పేలికలోనే మిగిలియున్నదని నాకు తోచినది.

“ఊరితో నేమి పని?” అను నా యొక్క ప్రశ్నకే యీ వ్యాసము ప్రత్యుత్తరము.

ధ్వజశిరము ఉత్త యలంకారముగ పుట్టినది కాదు. యుద్ధభూమియందు దుమ్ము రేగి, ఎవడు తనవాడో ఎవడు పెఱవాడో తెలియని వేళ, తల యెత్తి చూచిన సైనికునికి తన నిలుకడ తెలుపు గుఱుతు అది. మన భారతకథ నెఱిగినవారి కిది క్రొత్త మాట గాదు. అర్జునుని ధ్వజముపై కపి, భీష్ముని ధ్వజముపై తాటిచెట్టు, దుర్యోధనుని ధ్వజముపై సర్పము. రథమును చూడకయే, వీరుని మొగము చూడకయే, ధ్వజాగ్రమును చూచి వచ్చువాడెవడో చెప్పగలిగిరి. అనగా ధ్వజశిరమునకు ప్రాణము దాని పేరు. ఎవనిది, ఏ సేనది, ఏ రణమునది యనునది తెలిసినప్పుడే యది ధ్వజశిరము. తెలియనిచో తూకమునకు వచ్చు లోహము.

ఈ మాటకు రోమకుల చరిత్ర సాక్షి. క్రీ. పూ. 104వ సంవత్సరమున మేరియస్ అను సేనాని ప్రతి మహాసేనకును గ్రద్దయే ముఖ్యచిహ్నముగ నేర్పఱచెను. దానిని పోగొట్టుకొనుట ఆ సేనకు చావుకంటె హీనము. క్రీ. పూ. 53లో కారీ యను చోట క్రాసస్ అను సేనాని పార్థియనులచేత నోడి, ధ్వజములను శత్రువుల పాలుచేసెను. ముప్పదిమూడేండ్లు గడచిన పిమ్మట, క్రీ. పూ. 20లో, అగస్టస్ చక్రవర్తి యుద్ధము చేయకయే, సంధిమాటలతో వానిని తిరిగి రప్పించి, ఆ సంగతిని నాణెములపై ముద్రించి లోకమునకు చాటెను. పోయినదానిని మరల పొందుటకు కత్తియే మార్గము కాదని రెండువేల యేండ్ల క్రిందటనే తెలిసినదన్నమాట. అంతటి ప్రతిష్ఠ గల యా గ్రద్దలలో, నిస్సంశయముగ మహాసేనదే యని చెప్పదగినది నేడు ఒక్కటియు మిగులలేదు.

మిగిలినదని భ్రమించిన కథ యొకటి గలదు. 1866లో ఇంగ్లండునందలి సిల్చెస్టరు అను పాడుబడిన రోమకపట్టణమున కంచుగ్రద్ద యొకటి బయల్పడెను. త్రవ్వించిన జాయిస్ అను మతగురువు దానిని మహాసేనయొక్క గ్రద్దయే యని నమ్మెను. ఆ నమ్మకము చిరకాలము నిలిచినది. 1954లో ప్రకటితమైన “ది ఈగిల్ ఆఫ్ ది నైన్త్” అను నవలకు సైతము ఆ గ్రద్ద ప్రేరకమైనది. తరువాత పండితులు పరీక్షించి, అది సైనికధ్వజమునకు సంబంధించినది కాదనియు, ఒక విగ్రహమున భాగమై యుండుననియు తేల్చిరి. అది నేడు రెడింగు పట్టణపు ప్రదర్శనశాలయందున్నది. జాయిస్ దొరను నేను నిందింపను. ఎక్కడ, ఏ కట్టడపు శిథిలములలో దొరికినదో యాయన వ్రాసి పెట్టెను గనుకనే తరువాతివారు ఆయన పొరపాటును దిద్దగలిగిరి. తప్పు దిద్దుకొనుటకైనను ఊరు పేరు ఉండవలెను. మా మిత్రుని బీరువాలోని వస్తువులకు తప్పు చెప్పుకొను భాగ్యము కూడ లేదు.

ఇక ఫ్రెంచివారి గ్రద్దల సంగతి. నెపోలియను రోమకుల ననుకరించి, 1804 డిసెంబరు 5వ తేదీన పారిసునందలి షాంప్ ద మార్స్ మైదానమున తన పటాలములకు కంచుగ్రద్దలను పంచిపెట్టెను. షోడె యను శిల్పి వాని రూపము కల్పించెను. పోతపోసి బంగరుపూత పూసిన గ్రద్ద. క్రింది పీఠముపై పటాలపు సంఖ్య. జెండాగుడ్డకంటె గ్రద్దయే ముఖ్యమని చక్రవర్తి మతము. 1814లో ఆయన పదవి పోగానే, తిరిగి వచ్చిన రాజవంశీయులు గ్రద్దలను ధ్వంసము చేయుడని యాజ్ఞాపించిరి. పెక్కులు కొలిమి పాలైనవి. 1815లో నెపోలియను మరల వచ్చి క్రొత్తవి పంచెను. ఆ నెలలోనే వాటర్లూ యుద్ధము జరిగెను.

ఆ యుద్ధమున రెండు గ్రద్దలను ఆంగ్లసేన పట్టుకొనెను. 45వ పటాలపు గ్రద్దను స్కాట్స్ గ్రేస్ అను ఆశ్వికదళమునందలి ఛార్లెస్ యూవర్టు అను సార్జంటు కైవసము చేసికొనెను. అది నేడు ఎడింబరో కోటయందున్నది. 105వ పటాలపు గ్రద్ద లండనునందలి జాతీయసేనా ప్రదర్శనశాలయందున్నది. రెంటిని చూచుటకు జనులు నేటికిని పోవుచున్నారు. ఎందుకు? అట్టి గ్రద్దలు ఒకే నమూనాననుసరించి వందలకొలది తయారైనవే గదా! పీఠముపై సంఖ్య, పట్టిన చేయి, పట్టిన దినము తెలియుటయే వాని విశేషము. అది తుడిచివేసినచో నవియు పొయ్యిమీది కంచు తప్పెలయు నొక్కటే జాతి.

ఈ తలలకు వెల యేర్పడిన నాటినుండి దొంగల చూపును వానిపై పడినది. 1811 మార్చి 5వ తేదీన స్పెయినునందలి బరోసా యుద్ధములో 87వ పటాలమువారు ఫ్రెంచి 8వ పటాలపు గ్రద్దను పట్టిరి. దానికై చేయి చాచిన కియో యను చిన్నయధికారి అక్కడనే మడసెను. అతని వెనుక వచ్చిన మాస్టర్సన్ అను సార్జంటు దానిని దక్కించుకొనెను. లండనునందలి చెల్సీ వైద్యశాలలో నుంచిన యా గ్రద్దను 1852లో నెవరో దొంగిలించిరి. కఱ్ఱ మిగిలినది, తల పోయినది. 1990 మార్చి 18వ తేదీన అమెరికాయందు బాస్టను నగరమున, ఇసబెల్లా స్టూఅర్టు గార్డ్‌నర్ ప్రదర్శనశాలలో పోలీసు వేషముతో ఇద్దఱు దొంగలు ప్రవేశించి పదుమూడు వస్తువులను కొనిపోయిరి. వెర్మీరు, రెంబ్రాంటు వంటి మహాచిత్రకారుల పటములతోపాటు నెపోలియను అంగరక్షకసేన జెండాపై నుండిన కంచుగ్రద్దయు నందు చేరినది. జెండా చట్రమును విప్ప ప్రయత్నించి, చేతగాక, తలను మాత్రము తీసికొని పోయిరట! అదియొక్కటి తెచ్చి యిచ్చినవారికి లక్ష డాలర్ల బహుమానము ప్రకటింపబడినది. ఇంతవఱకు దొరకలేదు.

దొంగ చేసినదేమి? జెండానుండి తలను వేఱుచేసి, చెప్పరాని చోట దాచెను. బజారులో దేనినైనను ప్రశ్నింపక కొను సేకర్త చేయునదేమి? ఇతరులు వేఱుచేసిన తలను తెచ్చి, చెప్పలేని కథతో దాచును. దొంగయు సేకర్తయు ఒకటే యని నేననను. దొంగ కెఱుక గలదు. సేకర్త కెఱుక లేదు. కాని వస్తువు పాలిటి కీ భేదమేమి?

పరదేశపు మాటలు చాలును. మన యింటికి వత్తము. దక్కనులో “అలము” అను మాటకు ధ్వజమనియే యర్థము. క్రీ. శ. 680లో కర్బలా రణమునందు హుసేను పక్షమున ధ్వజము మోసినవాడు అబ్బాసు. దప్పిగొన్న బిడ్డలకు నీరు తేబోయి ప్రాణములిచ్చెనని సంప్రదాయము. ఆ ధ్వజస్మృతియే లోహపు తలలుగా, హస్తరూపములుగా, నామాంకితములైన ఫలకములుగా మొహర్రము నెలలో వీథులకెక్కుచున్నది. కుతుబ్‌షాహీల కాలమున చార్మినారు సమీపమున కట్టిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో అలములు నిలుపు ఆచారము నేటికిని గలదు. తెలంగాణమునందును రాయలసీమయందును పల్లెపల్లెకు పీర్ల చావిడి గలదు. అనంతపురమండలమునందలి గూగూడు కుళ్లాయిస్వామి పేరు వినని సీమవాడు లేడు. పీరును ఎత్తువాడు ముసల్మానుడే కానక్కఱలేదు. దట్టీ కట్టి మ్రొక్కుకొను తల్లి హిందువు కావచ్చును. యుద్ధమునందు శత్రువును మిత్రుని వేఱుచేసి చూపుటకు పుట్టిన ధ్వజశిరము, మన పల్లెలలో ఇరుమతములవారిని ఒక చావిడి ముందఱ కూర్చినది. మతసామరస్యమును గూర్చి సభలలో ఉపన్యాసములు వినువారమే. ఇత్తడితో చేసిన యీ యుపన్యాసమును మాత్రము తూకమునకు కొనుచున్నాము!

మా మిత్రుని బీరువాలోని హస్తము పీరు పంజాయో, దక్కను సేనలలోని యొక జెండా తలయో నేను చెప్పలేను. రూపములు పోలియుండును; చెప్పవలసిన యక్షరములను చింతపండు తినివేసినది. పీరు పంజాయే యైనచో ఆ పేలిక యే తల్లి కట్టిన దట్టీయో! ఏ యూరి చావిడిలో ఆ పీరు నిలుచు తావు వట్టిదై యున్నదో! వేలముపాటల జాబితాలలో దక్కను అలములు కళావస్తువులుగ నమ్ముడుపోవుచున్నవి. కొనువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న వెలను గూర్చినది కాదు. ఇది యెవరు ఎత్తినది, ఎవరు దించినది, ఎవరు అమ్మినది అని.

రాజులవస్తువులకును ఇదియే గతి. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడినది. ఆ దండయాత్రలో నైజాము సైన్యమును మీర్ ఆలము నాయకత్వమున పాల్గొన్నది గనుక, ఆ కొల్లలో మన దేశపువారికిని పాలు గలదని దాచనవసరము లేదు. టిప్పు సింహాసనమును కొల్లసొమ్ము పంచు అధికారులు ముక్కలు చేసిరి. చుట్టుకంచెపై నుండిన రత్నఖచితమైన చిన్న పులితలలు చేతులు మాఱి సీమకు పోయినవి. అవి ధ్వజశిరములు కావు, సింహాసనశిరములు, అయినను న్యాయమొక్కటే. ఒకటి పోవిస్ కోటయందున్నది. మఱియొకదానికి 2021లో పదునైదు లక్షల పౌండ్ల వెల కట్టి, అది తమ దేశమును దాటిపోకుండ బ్రిటిషు ప్రభుత్వము తాత్కాలికముగ నిలిపివేసినది. తాము తెచ్చుకొన్నది తమ చేయి దాటునేమోయని వారు పడు తొందర చూడుడు! సింహాసనము నిలిచియుండిన నది మైసూరు చరిత్ర. ముక్కలైన పిదప ఒక్కొక్క తల ఒక్కొక్క ధనికుని వైభవము.

ఇక పూర్వపక్షములను విచారింతము.

మొదటిది: “మేము కొనకున్న నవి కంచరికొలిమిలో కఱగిపోయెడివి.” ఇందు సత్యము గలదని యొప్పుకొందును. ఫ్రాన్సునందు గ్రద్దలు కఱగిన సంగతి నేనే చెప్పితిని. కాని కొలిమినుండి తప్పించినవాడు ఆ వెంటనే పేరు అడిగి వ్రాసికొనినచో గదా రక్షకుడగుట! లోహమును మాత్రము కాపాడి పేరును పోనిచ్చినవాడు, మునిగిపోవువాని తలపాగాను ఒడ్డునకు చేర్చినవాని వంటివాడు. అదియుగాక, తలలకు గిరాకి పెరిగినకొలది కఱ్ఱలనుండి మఱ విప్పి తలలను వేఱుచేసి యమ్మువారు పెరుగుదురు. కొనువాడున్నాడను ధైర్యమే చావిడి తాళమును పగులగొట్టునది.

రెండవది మన సంస్కర్తలే చెప్పునది: “ఇవి హింసాచిహ్నములు. వీని చరిత్ర మఱచుటయే శాంతికి మేలు.” ఈ వాదము వినుట కింపుగ నుండును, ఫలమున విపరీతము. బరోసా గ్రద్దను చూచి, దానికై చేయి చాచి మడసిన కియోను తలచుకొన్నవానికి యుద్ధము బొమ్మలాటగ తోచదు. పేరు చెఱిపి, తోమి, మఖమలుపై పెట్టిన గ్రద్దను చూచిన బాలునికి యుద్ధము అందమైన వేడుకగ తోచును. రక్తము కడిగిన ధ్వజశిరమే హింసకు నిజమైన ప్రచారకుడు. చచ్చినవారి పేళ్లను దానిప్రక్క నుంచినప్పుడే యది శాంతిని బోధించును.

మూడవది: “నా సొమ్ము, నా యిష్టము.” మన దేశమునందలి 1972 నాటి పురావస్తుకళానిధుల చట్టము నూఱేండ్లు నిండిన యట్టి వస్తువును పురావస్తువుగా నెన్నుచున్నది, ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశములకు పంపరాదు, వర్తకమునకు అనుమతిపత్రము కావలెను, ప్రకటిత తరగతుల వస్తువులను నమోదు చేయింపవలెను. కావున “నా యిష్టము” అను మాటకు శాసనమే హద్దు గీచినది. అయినను చట్టము కాయునది వస్తువును. దాని కథను కాయవలసినవారు ఇంటివారే.

ఇంతవఱకు పరులను దూఱితిని. నేనును దోషినే. మా తాతగారి యింటి అటకపై ఈటెమొన యాకారముగల ఇత్తడి ధ్వజశిరము ఒకటి యుండెడిది. దాని మెడకు దారముతో కట్టిన కాగితపు చీటి యొకటి. పదునాల్గేండ్ల ప్రాయమున నేను దానిని దింపి, చీటి వికారముగ నున్నదని త్రెంపి పాఱవైచి, ఇటుకపొడితో తోమి, నా పుస్తకముల బల్లపై నిలిపితిని. అవ్వ చూచి, “దానిమీద మీ ముత్తాత వ్రాసిన మాట ఉండెనే, నాయనా!” అని మాత్రమనెను. ఏమి వ్రాసెనో యామెను అడుగుటకు నాకు తీఱిక దొరకలేదు. తీఱిక దొరకునప్పటికి ఆమె లేదు. ఆ యీటెమొన నేటికిని నా యొద్దనున్నది. దానిని చూచినపుడెల్ల అది ఏ సేనదో నాకు తెలియదు. దానిని మూగదానిని చేసినవాడెవడో మాత్రము తెలియును.

కావున చదువరులారా! మీ యిండ్లలో నట్టివస్తువు లున్నచో ఈ రాత్రియే యొక పుస్తకము తెఱవుడు. ఏది, ఎవరివలన, ఏ యేట, ఏ యూరినుండి వచ్చినదో వ్రాయుడు. తెలిసిన వృద్ధులు బ్రతికియుండగనే యడుగుడు. కిలుమును తోమకుడు, అది మకిలి కాదు, వయస్సు. చీటిని, దారమును, గుడ్డపేలికను త్రెంపకుడు. తలను కఱ్ఱనుండి వేఱుచేయకుడు. ఊరు పేరు చెప్పలేని వ్యాపారి యొద్ద కొనకుడు. వంశమునందు దానిని చూచుకొనువారు లేనిచో, వ్రాసిన కథతో సహా ప్రదర్శనశాల కిండు. ఒక యూరివారు నేటికిని కొలుచునదని తెలిసినచో, వెల యడుగక వారికే యిండు. గృహిణులకు ప్రత్యేకముగ మనవి: ఇంటి పాతవస్తువుల కథలు మీ నోట నిలిచినంతగ పురుషుల పెట్టెలలో నిలువలేదు. వానిని వ్రాసి పెట్టుడు. చింతపండును పులుసునకే వాడుడు.

మా మిత్రునితో నీ మాటలన్నియు చెప్పితిని. ఆయన కోపగించుకొనలేదు, ఒప్పుకొననును లేదు. నేను సెలవు తీసికొనునప్పుడు ఆయన బీరువా తెఱచి, ఆ హస్తమును చేతికి తీసికొని, గొట్టములోని పేలికను చూచుచు నిలువబడెను. “ఆ వ్యాపారి యింకను ఆ యంగడిలోనే యున్నాడు. రేపు పోయి యడుగవచ్చును” అనెను.

రేపు పోయెనో లేదో నాకు తెలియదు. పోయెనేని, ఆ దినమే యాయన సేకర్త యయ్యెను. అంతకుముందు ఆయన పదునేడు తలలను దాచుకొన్నవాడు మాత్రమే.